రెండో తీగ మన కాళ్ల కిందే

మా ఫిజిక్స్ మేడం పోయారని సోమవారం పొద్దున ఫోన్ వచ్చింది. చేసింది ఆమె మరదలు. "వదిన పోయిందమ్మా" అని ఆ ఒక్క మాట చెప్పి పెట్టేసింది. నేను మాత్రం ఆగిపోయిన ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని, "ఎట్ల పోతది? నిన్న నాతోని మాట్లాడింది గదా" అని అడుగుతూనే ఉన్నాను.

మీలో చాలామందికి ఆమె తెలియదు. సిద్దిపేటలో నేను ఇంటర్ చదివిన కాలేజీలో పాఠం చెప్పేవారు. బోర్డు మీద అడ్డంగా ఒక గీత గీసి "గిది నేల" అనేవారు. దాని మీదుగా పైకీ కిందికీ పోయే అల గీసేవారు. "తీగల ఓల్టేజీ నేలకన్న పైకి పోతది, మళ్ల నేలకన్న కిందికి పోతది. సెకనుకు యాభై సార్లు గదే ఆట. నేల మాత్రం కదలది."

ఎవరైనా రెండు వందల ముప్పై ఓల్టులు అంటే చాలు, "దేని నుంచి?" అని ఆపేవారు. "ఓల్టేజీ ఒక్క జాగల ఉండది బిడ్డా, రెండు జాగల నడుమ ఉంటది."

మరి తీగ మీద పిట్టకు ఏం కాదెందుకని ఒకరోజు నేనే అడిగాను.

"పిట్ట రెండు కాళ్లు ఒక్క తీగ మీదనే ఉన్నయి. మనం ఒక్క తీగనే ముట్టుకున్నం, ఏం గాదు అనుకుంటం. ట్రాన్స్‌ఫార్మర్ కాడ రెండో తీగను భూమిల కలిపిన్రు. గది మన కాళ్ల కిందనే ఉన్నది." అంతవరకు చెప్పి కిటికీ వైపు తిరిగిపోయారు. రాయపోల్ దగ్గర పొలంలో, తడి కాళ్లతో మోటరు స్టార్టర్ డబ్బా ముట్టుకుని ఆమె ఒక్కగానొక్క తమ్ముడు పోయాడని మాకు తర్వాత తెలిసింది.

మా పొలంలో స్టార్టర్ డబ్బా కూడా ముట్టుకుంటే అప్పుడప్పుడు జివ్వుమంటదని ఒకసారి మాటల్లో అన్నాను. ఆ ఆదివారమే నాతో మా ఊరు చిన్నకోడూరుకు బస్సెక్కారు. డబ్బా ఇనుముకు టెస్టర్ ఆనించగానే లోపలి చిన్న బల్బు వెలిగింది. మా బాపు నవ్వాడు. "ఎన్నేండ్ల నుంచో గట్లనే ఉన్నది మేడమ్, గిప్పుడు కొత్తగ ఏమైతది?"

మేడం బురదలోనే నిలబడి చేతులు జోడించారు. "అన్నా, నీ కాళ్లు మొక్కుత. డబ్బాకు ఎర్త్ పెట్టియ్యే. ఎర్త్ ఉంటే కరెంటు గా తీగెంబడి భూమిలకు పోతది, ఫ్యూజు కొట్టేస్తది. లేకుంటే నీ పానం మీదికెల్లి పోతది."

చదువు చెప్పే ఆడమనిషి అట్లా బతిమాలుతుంటే బాపు తల దించుకున్నాడు. ఆ వారంలోనే గొయ్యి తవ్వి, బొగ్గూ ఉప్పూ వేసి ఎర్త్ పెట్టించాడు, లోపలి వైర్లూ మార్పించాడు. పక్క పొలం కాకను కూడా ఆమె అట్లాగే బతిమాలారు. "సూద్దాం తియ్ మేడమ్" అన్నాడాయన.

వానలు ముదిరాక ఒకరోజు మోటరు వేయగానే మా ఫ్యూజు కొట్టేసింది. మెకానిక్ డబ్బా తెరిచి, ఎలుక కొరికిన వైరు ఇనుముకు తగిలి ఉండటం చూపించాడు. అది చూసి కాకకు భయం పట్టుకుంది. "రేపే పెట్టిస్త" అన్నాడు. తెల్లవారి మోటరు వేయడానికి పోయిన మనిషి డబ్బా ముందరే పడి ఉన్నాడు.

మేడం వచ్చి కాక భార్య, మా చిన్నమ్మ పక్కన నేల మీద కూలబడ్డారు. "ఇంకొక్కసారి వచ్చి అడిగితే ఇంటుండెనేమో" అని ఆమె ఏడుస్తుంటే, భర్తను పోగొట్టుకున్న చిన్నమ్మే ఆమెను పట్టుకుని ఓదార్చింది. ఆ తర్వాత మేడంకు ఆదివారమంటూ మిగలలేదు. టెస్టర్ సంచిలో వేసుకుని ఊరూరా తిరిగారు. విన్నవాళ్లు విన్నారు. పిచ్చి మేడం అన్నవాళ్లూ ఉన్నారు.

కిడ్నీలు పాడై దవాఖానలో పడ్డాక కూడా ఆ బెంగ ఆమెను వదల్లేదు. డయాలసిస్ మంచం మీద నుంచి నర్సును అడిగారు, "గీ మిషన్‌కు ఎర్త్ మంచిగున్నదా బిడ్డా?" నర్సు నవ్వింది. నేను బయటికి పోయి గోడకు ఆనుకుని ఏడ్చాను. చివరిరోజు నా చెయ్యి వదలకుండా, "ఇంకెన్ని ఊర్లున్నయో! వానలు వస్తున్నయి, నేను లేస్తలేను" అన్నారు. మంచిగైతవు మేడమ్ అన్నాను. ఆ అబద్ధం తప్ప నా దగ్గర ఇంకేమీ లేదు.

దహనం నుంచి వచ్చిన మర్నాడు బాపును వెతుక్కుంటూ పొలానికి పోయాను. మోటరు నడుస్తోంది. మడి నిండి, నీళ్లు గట్టు తెంపుకుని బాట మీదికి పారుతున్నాయి. ఆపాల్సిన బాపు తలగుడ్డ మొహానికి అడ్డం పెట్టుకుని గట్టు మీదే కూర్చున్నాడు. నీళ్లు ఆయన పాదాల మీదుగా పోతూనే ఉన్నాయి.