అంగిట్లో మర

ఆ పళ్ళ ఆసుపత్రిలో ఆమె అసలు పేరుతో ఎవరికీ పని పడలేదు. డాక్టరు మొదలుకొని గేటు దగ్గర కాపలా ముసలాయన దాకా అందరికీ ఆమె ఉడుంపట్టే. కాగితం మీద సహాయకురాలు. చేసే పని మాత్రం పట్టుకోవడం. కుర్చీలో పడుకోబెట్టిన పిల్ల తల మోచేతికీ పక్కటెముకలకీ మధ్య ఇరికించి, రెండు మణికట్లూ కలిపి ఒక్క గుప్పిట్లో బిగించిందంటే, డాక్టరు తన పని తాను చేసుకుపోయేవాడు. పిల్ల కాళ్ళు తన్నుకునేవి గానీ తల కదిలేది కాదు.

అంతకుముందు పశువుల ఆసుపత్రిలో కుక్కల్ని పట్టుకునేది. "కుక్కలే నయం. కరిచే ముందు గుర్రుమంటాయి. పిల్లలు నవ్వుతూ నవ్వుతూ పళ్ళు దింపేస్తారు," అని వేళ్ళ మీది గాట్లు చూపించేది.

మెత్తని మనిషేం కాదు. కన్నకొడుకును గరిటె తిరగేసి కొట్టింది. ఆ వీధిలో కొట్టనిదెవరు? అక్కడ పిల్లను కొట్టడాన్ని కొట్టడమని కూడా అనరు. "ఒకటి తగిలించాను" అంటారు, గోడకి చొక్కా తగిలించినంత తేలిగ్గా. కోపమొస్తే మన నోళ్ళు ముందు ఎదుటివాడి నోటి మీదికే పోతాయి. పళ్ళు రాలగొడతా, మూతి పగలగొడతా, దవడ పేలగొడతా. ఆసుపత్రి వరండాలో కూర్చున్న తల్లిదండ్రులు కూడా అవే మాటలంటూ పిల్లల్ని పళ్ళు బాగుచేయించడానికి లోపలికి లాక్కొచ్చేవారు. అందులో విడ్డూరమేమిటో ఉడుంపట్టు ఏనాడూ ఆలోచించలేదు, ఆ తొమ్మిదేళ్ళ పిల్ల వచ్చేదాకా.

పిల్ల తండ్రి లిఫ్టులు బిగించే మేస్త్రీ. తల్లి బట్టల ఫ్యాక్టరీలో గుండీలు కుడుతుంది. మొదటి రోజు ముగ్గురూ వచ్చారు. మాట్లాడింది తండ్రి ఒక్కడే.

"రాత్రయితే పళ్ళు కొరుకుతుంది సార్. రంపం పెట్టి కోసినట్టు. పక్క గదిలో పడుకున్నా వినబడుతుంది. నేను పొద్దున్నే లిఫ్టు నెత్తిన ఎక్కి పనిచేసేవాణ్ణి. నిద్ర చాలక కాలు జారితే నా పిండాకూడే."

"చాలామంది పిల్లలు కొరుకుతారు. పెరిగేకొద్దీ అదే పోతుంది," అన్నాడు డాక్టరు, అద్దం లోపలికి పెట్టి చూస్తూ. "కాకపోతే మీ అమ్మాయికి అంగిలి ఇరుకు. పై పళ్ళు కింది పళ్ళకి లోపలగా పడుతున్నాయి. దాన్ని వెడల్పు చేస్తే పళ్ళు సరిగ్గా కూర్చుంటాయి. కొరకడం తగ్గితే తగ్గొచ్చు. మాటివ్వలేను."

మేస్త్రీకి వినబడింది 'తగ్గొచ్చు' అన్న ఒక్క మాటే.

తర్వాతి వారం పిల్ల అంగిట్లో ఇనుప పరికరం అతికించారు. దాని నడుమ స్క్రూ లాంటి చిన్న మర. మరకు తిప్పుడు తాళం ఒకటి, సూదంత తీగకు ప్లాస్టిక్ పిడి. తిప్పిన కొద్దీ అంగిలి రెండు పక్కలకీ జరుగుతుంది. రోజుకి ఒక్క తిప్పు, అంతకంటే వద్దని చెప్పి డాక్టరు తాళం మేస్త్రీ చేతికిచ్చాడు.

"మరలతో బతికేవాణ్ణి సార్. నాకు చెప్పాలా," అని అతను అక్కడే ఒకసారి తిప్పి చూపించాడు. చెయ్యి వణకలేదు. పిల్ల కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి. ఉడుంపట్టు అందరికీ చెప్పే మాటే చెప్పింది: "అయిపోయింది బంగారం, అయిపోయింది." ఆ మాట ఆమె ఎప్పుడూ పని మొదలవకముందే అనేది.

మళ్ళీ వచ్చేసరికి పిల్ల ముందు పళ్ళ మధ్య సందు ఏర్పడింది. ఏర్పడాల్సిందే. కానీ ఇంత కాదు, అందులో చిటికెన వేలు దూరేట్టుంది. చిగుళ్ళు వాచి నల్లబడ్డాయి. ముక్కు పక్కల వాపు. రెండు బుగ్గల మీదా గోళ్ళ గుర్తులు.

డాక్టరు చూశాడు. చాలాసేపు చూశాడు. "కాస్త తొందరపడ్డారు. ఒక్కటే తిప్పమన్నాను కదా," అన్నాడు.

"మర్చిపోయి రెండోసారి తిప్పుంటాను సార్," అన్నాడు మేస్త్రీ, తెచ్చిన తాళం ట్రేలో పెడుతూ.

"జాగ్రత్త," అని డాక్టరు చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు. అవి అప్పటికే కడిగిన చేతులు. మేస్త్రీ ఫోను మోగితే, భార్య కూర్చుని ఉన్న వరండాలోకి వెళ్ళాడు.

ఉడుంపట్టు అలవాటుగా పిల్ల మణికట్లు పట్టుకోబోయింది. పిల్ల అడక్కుండానే రెండు చేతులూ జోడించి ఆమెకు అందించింది, సంకెళ్ళకి అందించినట్టు.

"బుగ్గలకేమైందే?"

"గిల్లుకున్నా. నిద్ర రాకుండా." ఇనుము అడ్డం పడి మాట ముద్దముద్దగా వచ్చింది. "నిద్రపోతే కొరుకుతా కదా. కొరికితే నాన్న లేపి తిప్పుతాడు. ఎన్నిసార్లు కొరికితే అన్ని."

"మీ అమ్మ ఏం చేస్తది?"

"నా చేతులు పట్టుకుంటది. పట్టుకోకపోతే అమ్మని బెల్టుతో కొడతాడు." పిల్ల ఆమె గుప్పిట వైపు చూసింది. "అచ్చం మీలాగే పట్టుకుంటది."

ఉడుంపట్టు చేతులు వాటంతటవే సడలిపోయాయి. కుక్కలు కరిచినప్పుడూ, పిల్లలు కరిచినప్పుడూ వదలని చేతులు.

చేతులు తుడుచుకుంటున్న డాక్టరు దగ్గరికి వెళ్ళి చెప్పింది. అతను తువ్వాలు మడత పెట్టాడు. "నాకు అనుమానం లేకపోలేదు. కానీ మనం పళ్ళవాళ్ళం. జనం ఇళ్ళలో దూరితే రేపు ఈ మెట్టు ఎవరెక్కుతారు?"

"దూరలేదా సార్? ఆ పిల్ల నోట్లో మర మనది. వాడి చేతికి తాళం ఇచ్చింది మనం."

"నువ్వు నీ పని చూసుకో."

ఆమె వెనక్కొచ్చి ట్రేలో తాళం తీసి గుప్పిట్లో పెట్టుకుంది. ఆ పూట ఆమె చూసుకున్న పని అదే.

మేస్త్రీ లోపలికొచ్చి ట్రే చూశాడు. "తాళమేది?"

"నా దగ్గరుంది. ఇవ్వను."

"ఏంటీ?"

"పిల్ల నిద్రలో కొరికితే శిక్షేస్తున్నావంట. ఇయ్యను పో."

అతను ముందు పిల్ల వైపు తిరిగాడు. "చెప్పావా?" అని చెయ్యెత్తాడు. ఉడుంపట్టు మధ్యలోకి వచ్చింది. ఆ దెబ్బ ఆమె చెవి మీద పడింది. తల వెళ్ళి కుర్చీ పక్కన దీపం బిగించిన కడ్డీకి కొట్టుకుంది, ట్రే బోర్లాపడి పనిముట్లన్నీ నేల మీద చెదిరాయి. అతను ఆమెను గోడకి అదిమి, గుప్పిట విప్పబోయాడు. విప్పలేకపోయాడు. మరలు ఊడదీసే చేతులు కదా, ఒక్కో వేలూ పట్టుకుని వెనక్కి వంచసాగాడు. చిటికెన వేలు ఎండుపుల్లలా ఫట్‌మంది. పక్క వేలూ ఫట్‌మంది. ఆమె పళ్ళు బిగించింది. మిగిలిన వేళ్ళు ఇంకా గట్టిగా ముడుచుకున్నాయి. లోపల తీగ అరచేతిలో దిగబడి నెత్తురు మోచేతి దాకా కారింది.

డాక్టరు నోటి అద్దం చేత్తో పట్టుకుని నిలబడిపోయాడు. "అది ఇచ్చెయ్యమ్మా," అన్నాడు. అతను ఎవరి వైపో ఆ మాటతో తేలిపోయింది.

చప్పుడుకి వరండాలోంచి పిల్ల తల్లి పరుగెత్తుకొచ్చింది. మేస్త్రీ వెనక్కి తిరక్కుండానే అన్నాడు: "చూస్తావేంటే. దీని చెయ్యి పట్టుకో."

పట్టుకోవడం ఆమెకు అలవాటే. రాత్రిళ్ళు ఆ మాటకి లేచి కూర్చుని, కూతురి చేతులు పట్టుకున్న మనిషి. రెండు చేతులూ చాచుకుంటూ వచ్చింది. వచ్చి మొగుడి జుట్టు పట్టుకుంది.

అతను మోచేత్తో వెనక్కి పొడిచాడు. ఆమె మూతి పగిలింది. అయినా వదల్లేదు. అతని ముంజేయి అందుకుని పళ్ళు దించింది. కండలోకి దిగిన పళ్ళు దిగినట్టే ఉండిపోయాయి. అతను అరుస్తూ ఆమె తల గోడకేసి కొట్టాడు, ఒకసారి, మరోసారి. అప్పటికి కాపలా ముసలాయన కర్ర పుచ్చుకొచ్చాడు. వరండాలో తమ పిల్లల పళ్ళు రాలగొడతామన్న తల్లులే నలుగురొచ్చి పడి, అతన్ని కింద పడేసి మీద కూర్చున్నారు.

"నా కూతురు, నా ఇష్టం," అంటున్నాడతను నేల మీంచి.

"నోరుముయ్," అంది మీద కూర్చున్న ఒకామె. "కదిలావంటే నీ నోట్లో బిగిస్తాం మర."

డాక్టరు వచ్చి ఉడుంపట్టు గుప్పిట విప్పబోయాడు. ఆమె ఇవ్వలేదు. పిల్ల తల్లి పెదవి నెత్తురు కొంగుతో అద్దుకుని, "నాకివ్వక్కా. స్టేషన్లో చూపించాలి," అన్నాక విప్పింది. రెండు వేళ్ళు విప్పినా విచ్చుకోలేదు.

సాక్ష్యానికి రమ్మంటే డాక్టరుకు ముందు తలనొప్పొచ్చింది. ఊరంతా గుప్పుమన్నాక తగ్గింది. వెళ్ళి చెప్పాడు. మేస్త్రీ లోపలికి పోయాడు. ఎన్నాళ్ళుంటాడో తెలీదు, వాళ్ళ అన్నదమ్ములు బెయిలుకు తిరుగుతున్నారు. తల్లీకూతుళ్ళు ఫ్యాక్టరీ పక్కన ఒక గదిలోకి మారారు. తలుపుకి లోపలి గడియ కొత్తది.

ఉడుంపట్టు వేళ్ళు వంకరగానే అతుక్కున్నాయి. పనిముట్లు కడిగే చోటికి మారమన్నాడు డాక్టరు.

"కుర్చీ పక్కనే ఉంటాను సార్. కానీ పట్టుకోను."

"పట్టుకోకపోతే పిల్లలు ఊరుకుంటారా?"

"ఊరుకోకపోతే మీరు ఆగండి."

చిగుళ్ళ వాపు తగ్గాక ఆ పిల్ల మళ్ళీ కుర్చీ ఎక్కింది. విడిపోయిన అంగిటి ఎముక మళ్ళీ నిండేదాకా, మర తిరక్కుండా మూసేయాలి.

"రాత్రిళ్ళు ఎట్లా ఉంది?" అడిగాడు డాక్టరు.

"కొరుకుతూనే ఉందండీ," అంది తల్లి. "కొరుక్కోనీ అని అటు తిరిగి పడుకుంటున్నా."

పిల్ల అలవాటుగా రెండు చేతులూ జోడించి అందించింది. ఉడుంపట్టు వాటిని విడదీసి పిల్ల పొట్ట మీద పెట్టింది.

"నీ చేతులు నీ దగ్గరే ఉంచుకో. నొప్పెడితే ఒకటి ఎత్తు. సారు ఆగుతారు."

"నిజంగా?"

"ఎత్తి చూడు."

డాక్టరు నోట్లో పనిముట్టు పెట్టాడో లేదో చెయ్యి లేచింది. అతను ఆగాడు. "నొప్పా?" పిల్ల తల అడ్డంగా ఊపింది. మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ చెయ్యి లేచింది. మళ్ళీ ఆగాడు. మూడోసారి అతను ఉడుంపట్టు వైపు గుర్రుగా చూశాడు.

"నా వంక చూస్తారేంటి సార్," అందామె. "చెయ్యి అక్కడుంది."