చెర్రీవుడ్ ట్రామ్‌లో పోల్‌వాల్ట్

డబ్లిన్ ట్రామ్‌ని లువాస్ అంటారు. అందులో సీట్లు ఎదురెదురుగా ఉంటాయి కాబట్టి, ఎదుటివారి మోకాళ్లతో పరిచయం అయ్యాకే ముఖంతో అవుతుంది. పొడుగు కాళ్లవాణ్ణి, నాకిది కొంచెం ఇబ్బందే.

ఆ మధ్యాహ్నం చెర్రీవుడ్ వెళ్తుంటే నా ఎదుట ఒక ఐరిష్ పెద్దావిడ కూర్చుంది. మోకాళ్ల మీద ఫోన్ బోర్లించి పెట్టుకుంది. ఉన్నట్టుండి తన ఫోన్ నా చేతిలో పెట్టి, "నువ్వు చూసి చెప్పు బాబూ, నావల్ల కాదు" అంది.

తెర మీద ఒలింపిక్స్ పోల్‌వాల్ట్ నడుస్తోంది. ఆస్ట్రేలియా తరఫున దూకబోతున్న అమ్మాయి ఆవిడ మనవరాలట. అక్కడే పుట్టి పెరిగిందట. పోయినేడాది ప్రాక్టీసులో పరుపు తప్పి నేల మీద పడి, మూడు నెలలు మెడకు పట్టీతో మంచంలో ఉందట.

"అంతా గ్రాండ్ లెండి" అని, బాగానే ఉంటుందనడానికి ఐరిష్‌వాళ్లు వాడే మాటే వాళ్లకు అప్పజెప్పాను. ఆవిడ గట్టిగా కళ్లు మూసుకుంది.

అమ్మాయి పరుగెత్తింది. గాల్లోకి లేచింది. కాలు తగిలి, దాటాల్సిన బార్ ఊడింది.

"గాన్!" అన్నాను. పోయింది అని, వికెట్ పడిన ప్రతిసారీ మా ఇంట్లో అరిచే మాటే. మనిషి పోయినా ఇంగ్లీషులో అదే మాట అని నాకు ఆలస్యంగా తట్టింది.

ఆవిడ నా మణికట్టు పట్టుకుంది. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"అబ్బే, పడింది బారేనండీ! ఇంకో ఛాన్స్ ఉంది" అన్నాను. చూస్తే, బార్ ఊడిన క్షణంలోనే సిగ్నల్ పోయి బొమ్మ ఆగిపోయింది. అమ్మాయి ఇంకా గాల్లోనే, తలకిందులుగా ఉంది.

"బార్ సంగతి నిన్నెవరడిగారు? పిల్ల లేచిందా?"