కట్టిన ఖాళీ

ఆమెను ఇంట్లో అందరూ ఒంటిగీత అనేవారు. ఆ పేరు పెట్టింది అక్క. అంత పెద్ద కాన్వాసు మీద తెల్లరంగు పూసి, మధ్యలో ఒక్క గీత గీసి, పని అయిపోయిందని చెల్లెలు చేతులు కడుక్కుంటే ఎవరికైనా నవ్వు రాదూ మరి.

చదివింది ఆర్కిటెక్చర్. ఇళ్ళ ప్లాన్లు గీసే ఆఫీసులో చాలా ఏళ్ళు పనిచేసింది. కిటికీ జానెడు పక్కకు జరిపితే గదికి గదే మారిపోవడం కళ్ళారా చూసింది. కానీ ఇల్లు కట్టించుకునేవాళ్ళకు ఖాళీ గోడ కంట్లో నలుసు. అక్కడ అల్మరానో, ప్లాస్టరు పువ్వులో అతికించేదాకా వాళ్ళకు నిద్ర పట్టదు. చూసి చూసి విసుగెత్తి, ఉద్యోగం మానేసి, వెనక గదిలో రంగులు పెట్టుకుంది. బస్సు డ్రైవరుగా రిటైరైన నాన్న కొన్నాళ్ళు ముభావంగా తిరిగాడు.

అప్పుడే వీధి చివరి లైబ్రరీ వాళ్ళు చదువుకునే హాలు గోడకు బొమ్మ వేయమన్నారు. హాలు పొడుగే గాని కప్పు నెత్తిమీదకు వచ్చినట్టుంటుంది. ఆమె కుంచె ముట్టకుండా వారం పాటు కుర్చీలు మార్చి మార్చి కూర్చుంది. ఎండ ఎటు నుంచి వచ్చి ఎక్కడ ఆగుతుందో చూసింది. కూర్చున్నవాళ్ళ కంటిమట్టం టేపుతో కొలిచి, హాలంతా స్కేలుకు గీసుకుంది. చివరికి గోడ మొత్తం మీగడరంగు వేసి, కంటిమట్టానికి కాస్త కిందుగా సన్నని నీలిగీత లాగి, ఎండ ఆగే చోట తెంపేసింది.

లైబ్రరీ అధ్యక్షుడు చూసి మొహం చిట్లించాడు. "బాగానే ఉందమ్మా. మిగిలిన ఖాళీలో నాలుగు పక్షులో, ఓ చెట్టో వేసెయ్యరాదూ?"

ఆమె నిచ్చెన దిగింది. "అది మిగిలిన ఖాళీ కాదండీ, నేను కట్టిన ఖాళీ. వద్దంటే మళ్ళీ సున్నం కొట్టించి వెళ్తాను. పక్షులు మాత్రం వెయ్యను."

ఆయన నసిగి, కొన్నాళ్ళు చూద్దామన్నాడు.

రోజూ పేపరుకు వచ్చే రిటైర్డు మాస్టారు ఒకాయన, కప్పు ఎత్తు ఎప్పుడు పెంచారని అధ్యక్షుణ్ణి అడిగాడు. లోపలికి రాగానే ఇదివరకులా తల వంచుకోబుద్ధి కావడం లేదట. అధ్యక్షుడు కప్పు కేసి చూశాడు, గోడ కేసి చూశాడు, కుర్చీ లాక్కుని అక్కడే చాలాసేపు కూర్చున్నాడు.

మర్నాడు ఆయనే ఇంటికి వచ్చాడు, లైబ్రరీ మేడమీద పిల్లల గది కూడా ఆమే చేయాలని. నాన్న ఆయన్ను ముందుగదిలో కూర్చోబెట్టాడు. గోడకు ఆనించిన కాన్వాసు దగ్గరికి ఆయన వంగబోతే చేయి పట్టుకుని ఆపాడు.

"అంత దగ్గరికి కాదు. ఇక్కడ నిలబడి చూడండి. మా అమ్మాయి కొలత పెట్టి మరీ గీస్తుంది."

వెనక గదిలో కుంచె పట్టుకున్న ఆమెకు ఆ మాట స్పష్టంగా వినిపించింది. కళ్ళు చెమర్చాయి. అయినా పూత మధ్యలో ఆపితే మరక పడుతుంది కదా, అంచు దాకా నింపాదిగా లాగి అప్పుడు బయటికి వచ్చింది. అధ్యక్షుడు ఇంకా నాన్న చూపించిన చోటే నిలబడి ఉన్నాడు.