ఖాదర్ పని

పోయిన వారం మా మనవడు తన మోటార్ సైకిల్‌ను కరీంనగర్‌లో టైర్ల కొట్టుకు తీసుకుపోతూ, నాకూ బజారు పని ఉందంటే వెనక ఎక్కించుకున్నాడు. కొట్టు ముందు దిగీ దిగగానే పంచర్ సొల్యూషన్ వాసన, సబ్బు నీళ్లలో తడిసిన రబ్బరు వాసన కలిసి ముక్కుకు తగిలాయి, అక్కడున్న స్టూలు మీద అట్లాగే కూర్చుండిపోయాను. "ముంగటి చక్రం ఎగురుతుందన్నా. మొన్ననే వేరే కాడ టైరు మార్పిచ్చిన, ఖాదర్ పని చేసి పెట్టిండ్రు" అన్నాడు మా వాడు. ఖాదర్ ఎవరని కొట్టతను అడిగాడు. "ఎవ్వరు కాదన్నా. పని సక్కగ చెయ్యకపోతే మా ఇంట్ల గట్లంటరు" అని వాడు నవ్వాడు. ఆ మాట మా ఇంట్లో పుట్టిందే నా వల్ల.

నాకు తొమ్మిదేళ్లప్పుడు మేము మంథనిలో ఉండేవాళ్లం. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి నాలుగైదేళ్లయినా కచేరీ కాగితాలు సగం ఉర్దూలోనే ఉండేవి, గోదావరి వైపు నుంచి వచ్చే గాలిలో తడిసిన వరిగడ్డి వాసన ఉండేది, పెద్దపల్లి బస్సు దుమ్ము లేపుకుంటూ వచ్చిపోయేది. మా నాన్న, మేము బాపు అనేవాళ్లం, పశువుల కంపౌండరు. ఊళ్లు తిరగడానికి ఆయనకొక ఫట్‌ఫటి ఉండేది. మిలిటరీ వాళ్లు వాడి వదిలేసిన మోటార్ సైకిలు అది, పైన వేసిన నల్ల రంగు గీసుకుపోయిన చోటల్లా కింద ఆకుపచ్చ కనిపించేది. ఆదివారం పొద్దున నోట్లో వేపపుల్ల పెట్టుకుని, కిరసనాయిలు గుడ్డతో టాంకీ, లైటు, హాండిలు ఆయన తుడిచేవాడు, చక్రాలు తుడవడం నా వంతు. తోటి ఆడపిల్లలు గచ్చకాయలాడుకుంటుంటే నేను ఊచల మధ్య వేళ్లు దూర్చి బురద గీకుతూ ఉండేదాన్ని, ఆ పనయ్యాక బాపు నన్ను టాంకీ మీద కూర్చోబెట్టుకుని వాగు దాకా తిప్పుకొచ్చేవాడు. వేడెక్కిన టాంకీ, ఆయన చొక్కాకు పట్టిన పశువుల మందు వాసన, చెవుల్లో హోరు. అంత సుఖం నేను మళ్లీ ఏ బండిలోనూ ఎరగను.

ఊళ్లో ఫట్‌ఫటి మీద చెయ్యి వేయగలిగినవాడు ఖాదర్ మామ ఒక్కడే. బస్టాండు పక్క రేకుల కింద సైకిళ్లు బాగుచేసేవాడు గానీ, డాక్టరుగారి బండి, కంట్రాక్టరు బండి, మా బండి, ఈ మూడింటి వల్లనే అతనికి మిస్త్రీ అన్న పేరు. పానాతో ఒక్కొక్క ఊచనూ తట్టి చెవి ఒగ్గి వినేవాడు, మొద్దుగా మోగిందంటే అది వదులైనట్టు. ఆ ఏడు దసరాకు ముందు మా బండికి ముందు టైరు కొత్తది ఎక్కించింది కూడా అతనే.

అవ్వకు, అంటే మా అమ్మకు, ఆ బండంటే భయం. అంతకు ముందటేడు ఆమె హాండిలుకు కట్టిన నిమ్మకాయలను బాపు అందరి ముందూ తెంపి బజారులో విసిరేశాడు. మంత్రాలతో బండ్లు నడవవని కేకలు వేశాడు. అవ్వ రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఆ నిమ్మకాయల గొడవప్పుడు బండి తెచ్చివ్వడానికి వచ్చిన ఖాదర్ మామ అదంతా చూశాడు. మళ్లీ అట్లా కాకూడదని ఈసారి అవ్వ టాంగా అతని దగ్గర అరిగిపోయిన గుర్రపు నాడా, అదే లాడం, ఒకటి అడిగి తెచ్చి, ధర్మపురి నర్సింహస్వామి కుంకుమ పెట్టి దాచింది. సద్దుల బతుకమ్మ నాడు ఇల్లంతా తంగేడు పూల వాసన, దంచిన నువ్వుల వాసన, రొట్టెలో బెల్లం కలిపి నలిపిన మలీద వాసన నిండి ఉండగా, దాన్ని నా చేతిలో పెట్టింది. "బాపుకు అగుపడకుంట బండికి కట్టు బిడ్డా. ఎవ్వరికి చెప్పకు" అంది.

బండికి ఎక్కడ కట్టాలో చెప్పలేదు. నేను చాలా ఆలోచించాను. గుర్రానికి నాడా కాలికి కదా ఉండేది, బండికి కాలంటే చక్రమే. ముందు చక్రం రిమ్ముకు ఆనేటట్టు ఊచలకు నా పాత ఎర్ర రిబ్బనుతో బిగించి కట్టి, పైన మసి, బురద పూశాను. చక్రాలు తుడిచేది నేనే కాబట్టి బాపు చూసే భయం లేదు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

జమ్మి ఆకు పంచుకున్న మర్నాటి నుంచి బండి మారాం మొదలుపెట్టింది. ఊళ్లో మెల్లగా పోతే ఏమీ లేదు, పెద్దపల్లి రోడ్డెక్కి వేగం పెంచితే చాలు ముందు చక్రం ఎగిరెగిరి పడేది. బాపు గాలి తగ్గించి చూశాడు, ఎక్కువ కొట్టి చూశాడు, ముందటి స్ప్రింగులకు నూనె పోశాడు. నాలుగో రోజు కల్వర్టు దగ్గర హాండిలు చేయి జారి పడ్డాడు. కుడి మణికట్టు విరిగింది. ఫట్‌ఫటి ఎడ్లబండి మీద ఇంటికొచ్చింది. నాకు అప్పుడు కూడా తట్టలేదు. నాడా ఉండబట్టే బాపు ప్రాణాలతో వచ్చాడని నేను చేతులు జోడించాను.

కబురు విని ఖాదర్ మామ తనే వచ్చాడు. బాపు అరుగు మీద మంచంలో కట్టుతో పడుకుని ఉన్నాడు. "కొత్త టైరు ఎక్కిచ్చినంకనే గిట్లయింది. ఏం చేసినవో సూడు" అన్నాడు. ఖాదర్ మామ బండి కింద పీట పెట్టి ముందు చక్రాన్ని నేల నుంచి లేపాడు. సుద్దముక్కను రిమ్ముకు ఆనీ ఆననట్టు పట్టి తిప్పాడు, గీత అంతటా ఒకేలా పడింది, రిమ్ము వంగలేదు. టైరు అంచు చుట్టూ చూశాడు, సమంగానే కూర్చుంది. మళ్లీ తిప్పి వదిలేశాడు. చక్రం ఆగబోతూ వెనక్కి ఊగి నిలిచింది. మూడుసార్లు తిప్పితే మూడుసార్లూ ఒకే చోటు కిందికి వచ్చింది. "ఈడ బరువున్నది" అని తనలో తాను అనుకుని, తడిగుడ్డతో అక్కడి బురద తుడిచాడు.

నాడా బయటపడింది, రిబ్బనుతో సహా. అతను నా జడ వైపు చూశాడు, జడకు అలాంటి రిబ్బనే ఉంది. తర్వాత దర్వాజ దగ్గర కొంగు నోట్లో కుక్కుకుని నిలబడ్డ అవ్వను చూశాడు. నాడాను విప్పి చప్పుడు కాకుండా సంచిలో వేసుకున్నాడు.

"ఏమైంది?" అన్నాడు బాపు.

"టైర్ సక్కగ కూసోలే సాబ్. గల్తీ నాదే."

"నా చెయ్యి ఇరగ్గొట్టినవ్ గదా ఖాదర్."

"మాఫ్ చెయ్యి సాబ్" అన్నాడు అతను తల వంచుకుని. పోతూ పోతూ నాడాను నా చేతిలో పెట్టి, "గిది గడపకు కొట్టాలె బిడ్డా. చక్రానికి బరువైతది" అన్నాడు మెల్లగా.

మర్నాడు అవ్వ నాతో అతనింటికి గిన్నెడు సత్తుపిండి పంపింది, ఆ గిన్నె ఖర్జూరాలతో తిరిగొచ్చింది. దాంతో అంతా సర్దుకుందని నేను ఊరుకున్నాను. బాపు మాత్రం ఊరుకోలేదు. కట్టు కట్టిన చెయ్యి చూపించి హోటల్లో చెప్పాడు, కచేరీలో చెప్పాడు. డాక్టరుగారి బండి పెద్దపల్లికి పోయింది, కంట్రాక్టరుదీ అటే పోయింది, చివరికి సైకిళ్ల వాళ్లు కూడా తగ్గారు. చలికాలం వెళ్లకముందే రేకుల కింద ఖాళీ అయింది. ఖాదర్ మామ నస్పూర్‌లో బొగ్గుబాయి పనికి పోయిండని ఎవరో చెప్పారు. చెవితో ఊచ వదులు పట్టే మనిషి బొగ్గు టబ్బులు నెట్టడానికి పోయాడు. నేను అప్పుడైనా నోరు తెరవలేదు. మొదట దెబ్బలకు భయపడ్డాను, తర్వాత బాపు అవ్వను ఏమంటాడోనని భయపడ్డాను, ఆ తర్వాత ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేదని అడుగుతారని భయపడ్డాను.

ఇంట్లో పీట ఊగితే, తలుపు పట్టకపోతే, కుట్టించిన చొక్కా బిగుతైతే, "ఖాదర్ పని" అనేవాడు బాపు. అన్నప్పుడల్లా అవ్వ లేచి వంటింట్లోకి పోయేది. మా పిల్లలు ఆ మాట నేర్చుకున్నారు, వాళ్ల పిల్లలూ నేర్చుకున్నారు. పెళ్లయ్యాక మంచిర్యాల బస్సులో పోతూ నస్పూర్ దగ్గర షిఫ్టు దిగి వస్తున్న నల్లటి మొహాల్లో అతన్ని వెతికేదాన్ని గానీ, ఒక్కసారీ బస్సు దిగలేదు.

కొట్టులో చక్రాన్ని మిషను మీద తిప్పారు. ఎక్కడ బరువు తక్కువైందో అంకెలే చెప్పాయి, కుర్రవాడు వేలెడంత సీసపు ముక్కను రిమ్ముకు అంటించాడు. తట్టి వినడానికి ఆ చక్రానికి ఊచలే లేవు. టాంగాలు పోయాయి, నాడాలు పోయాయి, బాపూ అవ్వా పోయారు. ఖాదర్ మామ ఏ మట్టిలో ఉన్నాడో తెలియదు. నాడా మాత్రం నా పెట్టెలో ఉంది, నేను దాన్ని ఏ గడపకూ కొట్టలేదు.

తిరిగి వస్తుంటే బండి నున్నగా సాగింది. "సూడు అమ్మమ్మా, ఇప్పుడు జర్రంత కూడ ఎగుర్తలేదు" అన్నాడు మా వాడు.

"ఖాదర్ పని అంటే ఇదిరా" అన్నాను.

"ఉల్టా అంటున్నవ్ అమ్మమ్మా" అని నవ్వాడు.

ఉల్టా అన్నది మేమే, అరవై ఏళ్లకు పైగా. వాడికి అంతా చెప్పాలని బండిని పక్కకు ఆపమన్నాను.