రసమట్టం మాట, నా మాట

మా చిన్నప్పుడు... దేశం కాని దేశంలో, సార్నియా అనే ఊళ్ళో మా గరాజ్‌లో ఒక ఇనప డొక్కు ఉండేది. సీట్లు పీకేసి, అద్దాలు తీసేసి, లోపల ఇనప గొట్టాలతో పంజరం బిగించిన పాత బండి. మట్టి ట్రాక్ మీద పందేలకి. నడిపేది నేనే... అప్పుడు నాకు పద్నాలుగేళ్ళు. నవ్వకండి, అక్కడ పిల్లలకి వేరే పందెం ఉండేది.

మా నాన్న ప్లాంట్‌లో పైపులు చూసే ఇంజనీరు. పక్కింటి డేవ్ అంకుల్ జీవితమంతా ఆ ట్రాక్ మీదే గడిపిన మనిషి. ఆయనే ఎక్కించాడు మా ఇంటికి ఈ పిచ్చి.

ఆ వేసవి అంతా నాది ఒకటే ఏడుపు. బండి తిరగదు! గుండ్రటి ట్రాక్ కదా, మొదటినుంచీ చివరిదాకా ఎడమకే తిరగాలి. నేను స్టీరింగ్ ఎంత తిప్పినా ముందు చక్రాలు మట్టి మీద జారుకుంటూ తిన్నగా బయటి గట్టు వైపు పోయేవి. ప్రతిసారీ రెండో రౌండుకో మూడో రౌండుకో గట్టులో కూరుకుపోయేదాన్ని. ఒక్క పందెమైనా చివరిదాకా వెళ్ళి, ముగింపు దగ్గర ఊపే గళ్ళ జెండా దాటాలి... అంతకు మించి దేవుణ్ణి ఏమీ అడగలేదు.

"నాన్నా, ఇది తిరగట్లేదు" అంటే ఆయన రసమట్టం తీసేవాడు. అదేనండీ, తాపీ మేస్త్రీలు గోడకి ఆనించి చూస్తారే, లోపల బుడగ ఉంటుంది... జానెడుంటుంది. ఇండియా నుంచి ఆవకాయ జాడీ పక్కన పెట్టి మరీ తెచ్చుకున్నాడు. దాన్ని చక్రానికి ఆనించి, బుడగ సరిగ్గా మధ్యలో ఉందని చూపించి, "మట్టంగానే ఉంది కదమ్మా. నువ్వే లేటుగా తిప్పుతున్నావు" అనేవాడు.

ప్లాంట్‌లో పైపు వెంట్రుకవాసి వంకరున్నా లీకవుతుందని ఆయన భయం. ఇంట్లో దేవుడి పటాలు కూడా రసమట్టం పెట్టి తగిలించిన మనిషి. ఇంక ఆయనతో ఏం వాదిస్తాం?

ఆ ఏడాది ఆఖరి పందెం ఒక శనివారం. శుక్రవారం మధ్యాహ్నం నేనే వెళ్ళి డేవ్ అంకుల్‌ని పట్టుకొచ్చాను. ఆయన బండి ముందు వంగి చూసి పకపకా నవ్వాడు. "ఎప్పుడూ ఎడమకే తిరిగే బండికి చక్రాలు నిటారుగా ఎందుకమ్మాయ్? మలుపులో బరువంతా కుడి చక్రం మీద పడి అది బయటికి ఒరుగుతుంది. ముందే లోపలికి వాల్చి పెట్టావనుకో, అప్పుడు టైరు మొత్తం మట్టిని పట్టుకుంటుంది" అన్నాడు... ఇంగ్లీషులోనే అనుకోండి.

ఇద్దరం సస్పెన్షన్ మీద పడ్డాం. చక్రాన్ని మోసే స్ప్రింగు పైన బోల్టు రంధ్రాలుంటాయి. వాటిని ఆకురాయితో పొడుగ్గా అరగదీసింది నేనే. చేతులు బొబ్బలెక్కాయి. కుడి చక్రం తల లోపలికి, ఎడమ చక్రం తల బయటికి వాల్చి, కుడి పక్క గట్టి స్ప్రింగు వేశాం. చూడ్డానికి కాలు బెణికిన మేకలా ఉంది. డేవ్ అంకుల్ ఇంటి వెనక ఖాళీ స్థలంలో ఒక చుట్టు తిప్పాను... తిరిగింది! ఎంత సంతోషమో చెప్పలేను.

నాన్న డ్యూటీలో ఉన్నాడు, పొద్దున్న చెబుదాంలే అనుకున్నాను. అదీ నేను చేసిన పొరపాటు.

శనివారం లేచి గరాజ్‌లోకి వెళ్ళేసరికి బానెట్ మీద పసుపు, కుంకుమ. అమ్మ చక్రాల కింద నిమ్మకాయలు సర్దుతోంది. నాన్న రసమట్టం పట్టుకుని, వెలిగిపోతున్న ముఖంతో నిలబడి ఉన్నాడు.

"బోల్టులు సరిగ్గా బిగించలేదమ్మలూ. చక్రాలు రెండూ ఒరిగిపోయాయి. డ్యూటీ నుంచి వచ్చి నిద్ర మానుకుని సరిచేశాను."

"డేవ్ అంకులూ నేనూ కావాలనే అలా పెట్టాం నాన్నా!"

"కావాలని ఎవరైనా వంకరగా పెడతారా?"

విప్పుదామని నేను స్పానర్ తీస్తే అమ్మ చెయ్యి పట్టుకుంది. "పూజ అయిపోయింది. ఇప్పుడు బండి విప్పితే అరిష్టం." ఇంతే సంగతులు... నిమ్మకాయలు నలిగాయి, బండి బయలుదేరింది.

మొదటి మలుపులోనే గట్టు. కుడి చక్రం విరిగి పక్కన పడింది. నాకేమీ కాలేదు. నాన్న పరిగెత్తుకుంటూ వచ్చి నన్ను నిలువెల్లా తడిమి చూశాడు. ఆ తర్వాత జేబులోంచి రసమట్టం తీసి, మిగిలిన ఎడమ చక్రానికి ఆనించి, "ఇప్పటికీ మట్టంగానే ఉంది చూడు" అన్నాడు!

ఆ కోపం నాకింకా పూర్తిగా పోలేదు. ఆ చలికాలం బండి పాత ఇనుముకి వెళ్ళిపోయింది. నేను గళ్ళ జెండా దాటనే లేదు.

ఇప్పుడు మేముండే ఊరు ఏజాక్స్‌లో, మా గరాజ్‌లో మా అమ్మాయి పందెం బండి ఉంది. కొలతలకి ఫోన్ చాలు, వాలు ఎన్ని డిగ్రీలో అదే చెబుతుంది. చక్రాలు డేవ్ అంకుల్ నేర్పినట్టే వాల్చాను. మొన్న ఆదివారం ప్రాక్టీస్ నుంచి వచ్చి, "మామ్, ఇట్స్ నాట్ టర్నింగ్" అంది. ఫోన్ చక్రానికి ఆనించి చూశాను. "నంబర్లు కరెక్ట్‌గానే ఉన్నాయి. నువ్వే లేటుగా తిప్పుతున్నావు" అన్నాను.

అది హెల్మెట్ బల్ల మీద పడేసి లోపలికి వెళ్ళిపోయింది.

ఇప్పుడు మా దగ్గరే ఉంటూ, గరాజ్ మూల కుర్చీలో కాఫీ తాగుతున్న మా నాన్న, గ్లాసు కింద పెట్టి అన్నాడు... "దాని మాట విను అమ్మలూ. ఆ రోజు నేను నీ మాట వినుంటే నువ్వు జెండా దాటేదానివి."

పాతికేళ్ళు! ఈ ఒక్క ముక్క అనడానికి ఆయనకి పాతికేళ్ళు పట్టింది. అదీ నేను అదే తప్పు చేస్తూ దొరికిపోయాక... కోపమో ఏడుపో నాకే తెలియలేదు. ఫోన్ జేబులో పెట్టుకుని లోపలికి వెళ్ళి, "సరే, ఏ మలుపులో తిరగట్లేదో చెప్పు" అన్నాను.

రసమట్టం పోయి ఫోన్ వచ్చింది... బండి నడిపే పిల్ల మాట మాత్రం మనం ఇప్పటికీ అందరికంటే చివరే వింటున్నాం. మీ ఇంట్లోనూ ఇలా "మట్టంగానే ఉంది కదా" అనే మనుషులున్నారా? ఇన్నేళ్ళకైనా తమ తప్పు ఒప్పుకున్నారా? రాయండి... అన్నీ మా నాన్నకి చదివి వినిపిస్తాను.