వేగుచుక్క కోసం కోట్టూరుపురానికి

యాభై మూడో ఏట మా పేటలో సాయంత్రం బడి పెట్టేదాకా నాకు అక్షరం రాదు, గడియారంలో అంకె రాదు. పదేళ్ళ వయసు నుంచి రొయ్యలు ఒలిచిన చేతులివి. అందుకే ఎప్పుడో జరిగిన సంగతి కోసం ఇప్పుడు ప్రయాణం చేసి, ఇప్పుడు రాస్తున్నాను.

ఆ రోజు వేగుచుక్క చూసి మా ఆయన్ను వేటకు లేపాను. నా పిలుపే ఆయనకు అలారం. తీరం దాటాక ఓడ గుద్ది పడవ మునిగింది. మరిది శీనయ్య ఒక్కడే ఈదుకుంటూ వచ్చాడు. "కటిక చీకటి, ఓడ కనపడలా" అన్నాడు. వేగుచుక్క పొడిచాక కటిక చీకటేమిటని ఎవరూ నమ్మలేదు. పడవ ముందు కావలి కూర్చుని కునుకు తీశాడన్నారు. అత్త అతన్ని మళ్ళీ గడప తొక్కనివ్వలేదు. నా మాట మీదే అదంతా జరిగింది.

ఏ రోజు ఆకాశాన్నయినా చూపే తెర కోట్టూరుపురం తారామండలంలో ఉందని బడిలో టీచరమ్మ చెప్పింది. శనివారం ఎనిమిదిన్నరకు రాయపురంలో బస్సెక్కి బీచ్ స్టేషన్‌లో దిగాను. తొమ్మిదీ పదికి రైలు. పక్కన పూలమ్మే ఆమె పలకరించింది.

"ఏడకక్కా?"

"చుక్కలు చూసేదానికి."

"పగలా? దానికి అంత దూరం దేనికి? మా ఇంటాయన ఉండాడు గదా, రోజూ చూపిస్తాడు!"

బోగీలో ఆడవాళ్ళంతా నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

కోట్టూరుపురంలో దిగాక పావుగంట నడక. వెళ్ళేవాళ్ళు తలుపు తీసే వేళకే వెళ్ళండి; బడిపిల్లలు వస్తే తెర దొరకదు. మా ఆయన మరణపత్రం చూసుకుంటూ తేదీ నేనే నొక్కాను. వేలితో జరిపితే గంటలు మారుతూ ఆకాశం తిరిగింది. ఆ రోజు నేను చూసినట్టే తూర్పున జానెడెత్తులో అదే చుక్క, ఒంటరిగా, తెల్లగా.

"ఇదే వేగుచుక్క" అన్నాను.

అక్కడ పనిచేసే విజయవాడ అమ్మాయి దాని మీద వేలు పెట్టింది. పేరు పైకొచ్చింది. "ఇది గురుడండీ. వేగుచుక్కంటే శుక్రుడు. ఆ నెలలో సాయంత్రాలే కనిపించాడు."

"అప్పుడు టైమెంతమ్మా?"

ఆమె చెప్పేలోపే తెర మూలన నేనే చదువుకున్నాను. రెండుంపావు. తెల్లవారడానికి ఇంకా మూడు గంటల పైనే.

తిరుగు రైల్లో సద్ది విప్పలేదు. చూడవలసిన చోటే అది. ఫలానా తేదీ కోసం వెళ్ళేవాళ్ళు మాత్రం ఎవరినైనా తోడు తీసుకెళ్ళండి.

మరుసటి ఉదయం చేపల ఏలం దగ్గర పేట ఆడవాళ్ళంతా వింటుండగా అత్తతో చెప్పాను: "శీనయ్య అబద్ధం చెప్పలా అత్తా. చీకటే. చుక్క తప్పు చూసింది నేను."

అత్త తన పక్కనున్న నా చేపల బుట్టను ఎత్తి దూరంగా గోడవారన పెట్టింది. నేను అక్కడికే వెళ్ళి కూర్చున్నాను.