ఫోనులో చెప్పలేని పేరు

"టీచరమ్మా, ప్రపంచం మొత్తానికి ఒక వెబ్‌సైటు పేరు ఒకరికే. మీరు యోచన చేస్తా కూసుంటే ఇంకొకరు ఎత్తుకుపోతారు," అన్నాడు ఇంటర్నెట్ సెంటరు నడిపే అతను. ఆ మాటతో నాకు నిద్ర కరువైంది. అది రెండువేల రెండు, ఏప్రిల్ మొదటి వారం. తిరుపతిలో మా వీధి చివరే అతని సెంటరు. ఒకప్పుడు నా దగ్గర లెక్కలు చదువుకున్నవాడే. నేను రిటైరై అప్పటికి నాలుగేళ్లు. చేతిలో పని లేని మనిషితో ఎవరో ఏదో ఎత్తుకుపోతారని చెబితే ఇంకేముంది? కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయాను.

వెబ్‌సైటు నా కోసం కాదు, మా చెల్లెలి కోసం. దాన్ని వడమాలపేటలో రైతు కుటుంబంలో ఇచ్చారు. మామిడి కాలం వస్తే వాళ్ల మిద్దె మీద అడుగు పెట్టడానికి చోటుండదు, అన్నీ ఈతచాపలే. రసం వడగట్టి, బెల్లం కలిపి, చాప మీద ఒక పొర పోస్తారు. అది ఎండాక ఇంకో పొర. చెల్లెలూ, తోడికోడలూ ఇద్దరే ఆ పని చేస్తారు. ఆ మామిడి తాండ్ర అంతా మద్రాసు వ్యాపారి ఒకతను కొనుక్కుపోయి, తన పేరు వేసిన పెట్టెల్లో పెట్టి అమ్ముకునేవాడు. ఒకసారి మా చెల్లెలు మద్రాసులో ఒక పెళ్లికి పోతే, దాని తాండ్రనే దాని విస్తట్లో వడ్డించి, "ఇది మద్రాసు సరుకు, మీ పక్క దొరకదు, తినండి" అన్నారట. తిని వచ్చింది. నేరుగా మా ఇంటికే వచ్చింది.

"ఒక్క పెట్టె మీదన్నా మా ఇంటి అడ్రసు ఉండాల అక్కా. కావాల్సినోళ్లు నాకే ఫోన్ చేయాల," అంది. దాని కోరిక అంతే.

పేరు కోసం నేను పెట్టుకున్న నియమాలు గట్టివే. పొట్టిగా ఉండాలి. ఒకసారి వింటే రాసుకోగలగాలి. మధ్యలో గీతలూ అంకెలూ ఉండకూడదు. ఇంకొకరి పేరును తలపించకూడదు. ఆదివారం పొద్దున్నే బస్సెక్కి వడమాలపేట పోయి, వాళ్ల వసారాలో ఫోను పక్కన కూర్చున్నాను. నేను ఒక పేరు చెప్పడం, తిరుపతిలో సెంటరతను కంప్యూటర్లో చూసి "పోయింది టీచరమ్మా" అనడం. మామిడి అన్న మాటతో మొదలయ్యేవన్నీ పోయాయి. ఊరి దేవత పేరు పోయింది. ఊరి పేరే పెడదామంటే మరిది, అంటే చెల్లెలి భర్త, ఒప్పుకోలేదు. నెమ్మదైన మనిషి, కానీ లోకం తెలుసు. "ఊర్లో తాండ్ర పోసేవాళ్లు ఇంకా ఉండారు వదినా. ఊరంతా మీదేనా అని పోట్లాటకొస్తారు," అన్నాడు.

మధ్యాహ్నానికి నాకు అసహనం తలకెక్కింది. లేస్తాను, కూర్చుంటాను, నీళ్లు తాగుతాను. లోకంలో ఎవరో ఈ నిమిషమే మన పేరు కొనేస్తున్నారనిపిస్తుంది. అప్పుడు మరిది, తల గోక్కుంటూ, "పోనీ నా పేరు పెట్టి, పక్కన తాండ్ర అని చేరిస్తే?" అన్నాడు. మామిడి బేరాలు జరిగే మండీల్లో అందరూ ఎరిగిన పేరు. రెండక్షరాల ముక్క. ఫోను చేస్తే సెంటరతను "ఉండాది, ఎవరూ తీసుకోలేదు" అన్నాడు. మరిది ముఖం విప్పారింది. చెల్లెలు నవ్వి ఊరుకుంది. నా నియమాల్లో ఒక్కటీ తప్పలేదు. ఆ సాయంత్రమే కొనిపించేశాను.

మే నెలలో తిరుపతిలో మహిళా సంఘాల ప్రదర్శన పెట్టారు. చెల్లెలూ తోడికోడలూ ఒక స్టాలు తీసుకున్నారు. పెట్టెలకు అంటించాల్సిన లేబుళ్లు మాత్రం ప్రెస్సు నుంచి రాలేదు, పెళ్లిపత్రికల రద్దీ. నేను ఇద్దరికీ కారియర్‌లో అన్నం తీసుకుని పోయేసరికి చెల్లెలు ముఖం చిన్నబుచ్చుకుని ఉంది. స్టాలుకు ఎవరో పెద్దమనిషి వచ్చి పోయాడట, జరిగింది తోడికోడలు చెప్పింది. చెప్పడం కాదు, ఇద్దరి వేషాలూ కట్టి చూపించింది.

"బెంగళూరులో మిఠాయి అంగళ్లు ఉండాయంట ఆయనకి. తాండ్ర తిన్నాడు, బాగుండాది అన్నాడు. మీకు వెబ్‌సైటు ఉండాదా అన్నాడు. ఉండాది సార్ అనింది అక్క. పేరేంది అన్నాడు. మా ఇంటాయన పేరే సార్ అనింది. మీ ఇంటాయన పేరేందమ్మా అన్నాడు. అదే సెప్పకూడదు సార్ అనింది. ఆయన నన్ను సూసినాడు, నేను తాండ్రను సూసినాను."

"నువ్వు చెప్పొచ్చు కదే?"

"బావ పేరు నేనెట్ల సెప్తా? బాగుండాది మీరు అడిగేది."

ఇంగ్లీషులో రాసివ్వడం ఇద్దరికీ రాదు. ఆయన వీళ్ల ఇంటి ఫోన్ నంబరు రాసుకుని, గురువారం పొద్దున చేస్తాను, వెబ్‌సైటు అడ్రసు చెబితే చూసి ఆర్డరు సంగతి తేలుస్తాను అని వెళ్లిపోయాడట. తన నంబరు ఇవ్వలేదు.

నాకు కోపమొచ్చింది. "ఏ కాలంలో ఉన్నారే మీరు? పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందా?"

చెల్లెలు కారియర్ మూత తీస్తూ, తల ఎత్తకుండానే, "మీ ఇంటాయన పేరు నువ్వెన్నిసార్లు పలికినావక్కా?" అంది.

"స్కూల్లో ప్రతి కాగితం మీదా రాశాను."

"రాసినావు. పలికినావా?"

నేను అన్నం వడ్డించాను. మా ఆయన పోయి అప్పటికే చాలా ఏళ్లు. ఎవరైనా అడిగితే ఆఫీసు పేరు చెప్పేదాన్ని, ఇంటి పేరు చెప్పేదాన్ని, కాగితం తీసి చూపించేదాన్ని.

సరే, వాళ్ల అత్తగారితో చెప్పిద్దాం, తల్లికి కొడుకు పేరు చెప్పడానికి అడ్డేముంది అన్నాను. ఇద్దరూ ఒకేసారి తల అడ్డంగా ఊపారు. మరిదికి పెట్టింది తాత పేరు. అంటే అత్తగారికి అది మామగారి పేరు. పుట్టినప్పటి నుంచీ ఆవిడ కొడుకుని పెద్దోడా అనే పిలుస్తుంది. పిల్లలు హాస్టళ్లలో, మగవాళ్లు తోటల్లో, మండీల్లో. ఆ ఇంట్లో ఫోను ఎత్తేది ఆ ముగ్గురే. ఆ పేరు పలకకూడనిదీ ఆ ముగ్గురే.

గురువారం తెల్లవారే బయలుదేరాను. నాకు ఏ అడ్డూ లేదు, ఆ పేరు నేను చెప్పేస్తే సరి. రైల్వే గేటు దగ్గర బస్సు ఆగితే, గూడ్సు బండి పెట్టెలు వరసగా పోతూంటే, దిగి నడిచిపోదామా అనిపించింది. చేరేసరికి ఫోను ఇంకా మోగలేదు. మరిది మండీకి పోయాడు. నేను ఫోను ముందు కూర్చున్నాను. మోగగానే చేయి చాచాను, కానీ చెల్లెలే ఎత్తింది.

బాగానే మాట్లాడింది. ఏ కాయో, ఎన్ని పొరలో, చక్కెర ఎందుకు వేయదో, వాన పడితే చాపలు ఏం చేస్తుందో అన్నీ చెప్పింది. తర్వాత ఆగిపోయింది. అవతల ఆయన అడ్రసు అడిగాడని అర్థమైంది. రిసీవరు ఇమ్మని సైగ చేశాను. ఇవ్వలేదు. కొంగుతో నుదురు తుడుచుకుంది.

"సారూ, ఆ పేరు మారిపోతా ఉండాది. సోమవారం మళ్లీ చేస్తే కొత్తది చెప్తాను. నేనే చెప్తాను," అని పెట్టేసింది.

"ఆయన మళ్లీ చేస్తాడని రాసిచ్చాడా? ఒక్క మాట, నేను చెప్పేసేదాన్ని కదా."

"ఈ పొద్దు నువ్వు చెప్తావు. రేపు ఇంకొకాయన అడుగుతాడు. దినమూ తిరుపతి నుంచి వస్తావా?"

సాయంత్రం మరిది వచ్చాడు. చెల్లెలే చెప్పింది. ఆయన తువ్వాలతో మెడ తుడుచుకున్నాడు.

"అంటే నా పేరు తీసేస్తారా?"

"తీసేసేది కాదు. పలికేవాళ్లు లేరు."

"సెప్పకూడదని నీకు ముందే తెలుసు కదా. ఆ పొద్దు నోరు మూసుకోని ఎందుకుండావు?"

"నీ మొగం సూసి. పెండ్లిపీటల మీద గూడా అంత సంతోషంగా లేవు నువ్వు."

వంటింట్లో తోడికోడలు గరిటె కింద పడేసుకుంది. మరిది నా వైపు తిరిగి, "సూడు వదినా, సూడు," అన్నాడు. నవ్వకూడదనుకున్నాడు, వచ్చేసింది. కాసేపయ్యాక మాత్రం, "ఆ బెంగళూరాయన సోమవారం దాకా ఆగుతాడా? తాండ్ర పోసేది మనమొకరేనా?" అన్నాడు. అదే మాట నా లోపలా తిరుగుతోంది.

కొత్త పేరు వెతకడంలో నా నియమాలను చెల్లెలు పక్కన పెట్టింది. దాని పరీక్ష ఒకటే. ఖాళీ రిసీవరు అత్తగారి చెవి దగ్గర పెట్టి, పేరు చెప్పమంటుంది. ఆవిడకు ముందు పళ్లు లేవు. ఆ నోట నలగకుండా వస్తేనే పేరు. నాకు నచ్చినవి మూడు ఆవిడ దగ్గరే ఆగిపోయాయి. నేనూ అక్కడే ఉండిపోయాను, శుక్రవారమంతా అదే పని. శనివారం చెల్లెలు మిద్దె మీద చాపలు తిప్పుతూ, ఎండ అన్న మాటకు మామిడి చేర్చి కిందికి కేకేసింది. అత్తగారు వసారాలోంచే అంత గట్టిగానూ తిరిగి అన్నారు. సెంటరతనికి ఫోను చేస్తే ఉందన్నాడు. పాత పేరు కింద ఉన్న ఫోటోలన్నీ దానికి మార్చమన్నాను.

సోమవారం పొద్దున ఫోను మోగలేదు. మధ్యాహ్నం మోగలేదు. రిసీవరు ఎత్తి లైను ఉందో లేదో చూడడం, నేను ఎత్తిన ఆ క్షణంలోనే ఆయన చేశాడేమోనని పెట్టేయడం. చెల్లెలు పైన రసం పోస్తూనే ఉంది. నాలుగు దాటాక మోగింది. చెల్లెలు చేతులు కూడా కడుక్కోకుండా దిగి వచ్చింది.

పేరు చెప్పింది. ఆయన తిరిగి చెప్పినట్టున్నాడు, "అవును సార్, అదే," అంది. తర్వాత ఇంకేదో అడిగాడు.

"ఎవరెత్తినా పర్వాలేదు సార్. మా ఇంట్లో అందరికీ వస్తుంది."

పెట్టేశాక రిసీవరంతా రసమే. "ఏమన్నాడే?" అన్నాను.

"సూసి చెప్తాడంట. రాసుకున్నాడు," అని మళ్లీ మిద్దెక్కింది.

బుధవారం ఆర్డరు వచ్చింది. ఆ ఏడు మద్రాసు వ్యాపారికి మిగిలింది సగం సరుకే. కబురు విని నేను తిరుపతి నుంచి ఫోను చేశాను. అత్తగారు ఎత్తారు. నేను హలో అనేలోపే, ఎవరూ ఏమిటీ అని అడక్కుండా, వెబ్‌సైటు పేరు చివర డాట్ కామ్ దాకా చెప్పి, "రాసుకున్నారా?" అన్నారు. రాసుకున్నానమ్మా అన్నాను.